పాలమూరు పల్లెలకు దిగివచ్చిన దూరదర్శనము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నేడు జిల్లా కేంద్రములైనను, 1975 నాటికి మహబూబ్‌నగర్ జిల్లాలోని తాలూకా పట్టణములు. కరవుకును వలసకును పేరుపడిన ఆ పాలమూరు జిల్లాలో కొన్ని పల్లెలు, కలకత్తా, మద్రాసు మహానగరములకంటె దినములలెక్కన ముందుగను, 1977 అక్టోబరు 23న ప్రసారకేంద్రమును పొందిన హైదరాబాదుకంటె రెండేండ్లకు పైగా ముందుగను దూరదర్శనమును కన్నులార చూచినవి.

ఈ వింతకు మూలము 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు నడచిన ఉపగ్రహ విద్యాప్రసార ప్రయోగము; దానికి ‘సైట్’ అని పేరు. విక్రమ్ సారాభాయి సంకల్పబలమున 1969లో నాసాతో ఒడంబడిక కుదిరెను. 1971లో ఆయన అకాలమరణము నొందగా, యశ్‌పాల్ మొదలైన అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు ఆ సంకల్పమును నెరవేర్చిరి. ఆరు రాష్ట్రములందు, వెనుకబాటే అర్హతగా, సుమారు 2,400 గ్రామములు ఎన్నికయ్యెను.

దూరదర్శన తరంగములు ఋజుమార్గమున పయనించునవి గనుక, భూగోళపు వంపు వానికి అడ్డుపడును. ఎంత ఎత్తైన గోపురము నిలిపినను, ఆ ప్రసారము కొన్ని పదుల మైళ్లకు మించి సాగదు. దేశమంతట గోపురములు లేచుదాక పల్లెలు వేచియుండవలసినదే. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు ఆఫ్రికాకు మీదుగా నిలిచిన నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ఈ చిక్కును విడదీసెను. అంతరిక్షమున గొడుగువలె విచ్చుకొనిన 9 మీటర్ల ఆంటెన్నాతో అది తన 80 వాట్ల స్వల్పశక్తిని మనదేశమువైపు కేంద్రీకరించుటచేత, నేలపై గ్రాహకయంత్రము చిన్నదిగను, చవుకగను ఉన్నను సరిపోయెను.

ఆ గ్రాహకమును దగ్గరగా పరికింతము. మూడు మీటర్ల వెడల్పు గల పళ్లెము. దానికి పరచినది కోళ్లగూళ్లకు వాడు తీగెవల. ప్రసారతరంగము పొడవు సుమారు 35 సెంటీమీటర్లగుటచే, అంతకంటె మిక్కిలి చిన్నవైన ఆ వలకన్నులు తరంగమునకు నిండురేకువలెనే అడ్డునిలిచి, దానిని నాభికి మరలించును. గాలి మాత్రము వలగుండా నిరాటంకముగ సాగిపోవును. ఉపగ్రహము ఆకసమున కదలనిదగుటచే, పళ్లెమును పడమటికి, ఇంచుక దక్షిణముగా ఒక్కమారు గురిచూచి బిగించిన చాలును. హైదరాబాదు ఈసీఐఎల్ వారు నిర్మించిన దూరదర్శన పెట్టెలను పాఠశాలయందో పంచాయతీ కార్యాలయమునందో ఉంచిరి. విద్యుత్తు లేనిచోట్ల బ్యాటరీలతో నడిపిరి. ఉదయము బాలబాలికలకు పాఠములు, సాయంకాలము సేద్యము, ఆరోగ్యము, కుటుంబనియంత్రణ, వినోదము. తెలుగువారికి తెలుగుననే వినవచ్చెను. ఊరి కచ్చేరి చావడి, బడి ఆ ఏడాది పొడుగునా నాటకశాలయు విద్యాలయమునై వెలసెను.

ఏడాది నిండగనే ఉపగ్రహము పశ్చిమార్ధగోళమునకు మరలెను. అయినను దాని పాఠము వ్యర్థము కాలేదు. 1983లో గగనమెక్కిన ఇన్సాట్-1బి ఆ అనుభవముపైననే దేశవ్యాప్త ప్రసారములకు ఆధారమయ్యెను.

ఈ యంత్రచరిత్రమున నాకు మహనీయముగ తోచునది దాని పొందిక. ఖర్చును క్లిష్టతను ఆకాశమునందలి యంత్రముపై మోపి, పల్లెకు తేలికపాటి తీగెవలను మిగిల్చుట కేవలము సాంకేతిక నిర్ణయము కాదు; జ్ఞానము నగరమును దాటి మెల్లగ పల్లెకు చేరవలయునను ఆచారమును ధిక్కరించిన ధర్మనిర్ణయము. నేడు మనము నిర్మించు ప్రతి నూతన యంత్రమును, మొదట ఎవరి ముంగిట నిలుపుచున్నామని ప్రశ్నించుటకు పాలమూరు పల్లెలకంటె ప్రబలమైన నిదర్శనము వేరొకటి అక్కరలేదు.