ఆట తెలిసినవారికి అక్షరం: గేమర్ల కోసం తెలుగు బొమ్మకథ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాల పిల్లలు చాలామంది తెలుగు ధారాళంగా మాట్లాడతారు, కానీ చదవలేరు. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టం తమిళనాడు పాఠశాలలలో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి చేసింది. ఉన్న రాష్ట్రపు భాష రావలసిందే, దానివల్ల నష్టమేమీ లేదు. అయితే ఆ మార్పులో తెలుగు అక్షరానికి బడిలో ఉన్న చోటు ఇరుకైంది. ఇంట్లో వినిపించే మాట ఇంట్లో కూడా కంటికి కనిపించకపోతే, ఒక తరం గడిచేసరికి లిపి పరాయిదైపోతుంది.

ఈ పిల్లలే సాయంత్రమయ్యేసరికి ఫోనులో నలుగురు కలిసి ఆడే ఆటలు ఆడుతూ, మైకులో ఒకరినొకరు తెలుగులోనే కేకలేసుకుంటారు. నోట తెలుగు ఉంది, తెరమీద లేదు. ఈ ఖాళీలో బొమ్మకథ ఏమి చేయగలదు, దాన్ని తయారుచేయాలంటే ఏమేమి తెలిసి ఉండాలి అన్నది ఈ వ్యాసంలో మేము చర్చిస్తున్న విషయం. గీయడం వచ్చిన విద్యార్థి ఒకరు, రాయడం వచ్చినవారు ఒకరు కలిస్తే ఈ పని మొదలుపెట్టవచ్చు.

వీడియో గేములు ఆడేవారి కోసం ఇంటర్నెట్టులో బొమ్మకథలు రావడం అమెరికాలో 1998లో ఊపందుకుంది. ఆ ఏడాది స్కాట్ కర్ట్జ్ ‘పీవీపీ’ని, జెర్రీ హోల్కిన్స్, మైక్ క్రాహులిక్ కలిసి ‘పెన్నీ ఆర్కేడ్’ను ప్రారంభించారు. హోల్కిన్స్ రాస్తే క్రాహులిక్ గీసేవాడు. ఎక్కువగా మూడు గళ్లు, వారానికి మూడుసార్లు, అంతే. ఆ చిన్న గళ్ల చుట్టూ చేరిన పాఠకుల బలంతోనే 2003లో ఆసుపత్రులలోని పిల్లలకు బొమ్మలు, ఆటలు అందించే ‘చైల్డ్స్ ప్లే’ సేవాసంస్థ, 2004లో గేమర్ల వార్షిక సమావేశం పుట్టాయి.

ఈ బొమ్మకథల రహస్యం ఒక్కటే. పాఠకుడికి ఆట ముందే తెలుసు. ఆట నియమాలు, అందులో ఎదురయ్యే విసుగులు, ఓడిపోయినవాడు చెప్పే సాకులు ఏవీ వివరించనక్కరలేదు. సాధారణ కథకుడు సందర్భాన్ని కట్టడానికే సగం చోటు ఖర్చుచేస్తాడు. గేమర్లకు రాసేవాడికి ఆ ఖర్చు లేదు కనుక నేరుగా చమత్కారం దగ్గరికి వెళ్లగలడు.

మన విషయంలో ఇదే సూత్రం ఇంకొక పని కూడా చేస్తుంది. చదవడం సరిగా రాని పాఠకుడు సందర్భాన్ని బట్టి మాటను ఊహించి చదువుతాడు. తుపాకి బొమ్మ పక్కన రెండక్షరాల శబ్దం ఉంటే, అది ‘ఢాం’ అని కూడబలుక్కోవడం అతనికి కష్టం కాదు. వాచకంలో కథా కొత్తదే, అక్షరమూ కొత్తదే. గేమర్ల బొమ్మకథలో అక్షరం ఒక్కటే కొత్తది. తెలిసిన ఆట చేయిపట్టి తెలియని అక్షరాన్ని చదివిస్తుంది. ఈ ప్రక్రియకు మేము ఇంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. వందమంది దిగి, చివరికి ఒక్కరే మిగిలే ఆట సంగతి అందరికీ తెలుసు. ఇతరులతో కలిసి ఆడుతున్నప్పుడు ఆ ఆటను మధ్యలో ఆపి ఉంచడం కుదరదు. ఆ సంగతి అమ్మకు తెలియదు.

మొదటి గడిలో కుర్రవాడు ఫోనులో తల దూర్చి ఉన్నాడు. తెరమీద ‘మిగిలింది ఇద్దరు’ అని ఉంది. వంటింటిలోంచి మాట: ‘ఏమప్పా, ముద్ద చల్లారిపోతాంది!’ రెండో గడిలో కుర్రవాడు కళ్లు ఎత్తకుండానే ‘మా, ఇంకొకడే ఉండాడు!’ అంటాడు. మూడో గడిలో అమ్మ: ‘వాన్ని కూడా పిలుచుకొని రా, ముద్ద ఉండాది.’ నాలుగో గడిలో మాటలు లేవు. నేలమీద రెండు పళ్లేలు, రెండింటిలోనూ రాగిముద్ద.

ఇందులో నవ్వు ‘ఇంకొకడే ఉండాడు’ అన్న మాటలో ఉంది. కుర్రవాడు శత్రువు గురించి చెప్పాడు, అమ్మ అతిథి గురించి విన్నది. ఆట ఆడేవారికి మొదటి అర్థం, ఇంట్లో పెరిగినవారికి రెండో అర్థం తెలుసు. రెండూ తెలిసిన పాఠకుడే మన పాఠకుడు.

ఇక భాష సంగతి. పై మాటలను ‘ఇంకా ఒక్కడే ఉన్నాడు’, ‘అతణ్ణి కూడా తీసుకురా’ అని మార్చి చూడండి. తప్పేమీ లేదు, కానీ అది ఈ ఇంటి అమ్మ మాట కాదు. ‘ఉండాడు’, ‘ఉండాది’, ‘పోతాంది’ అన్నవి మొరసునాటి తెలుగు రూపాలు. పత్రికల తెలుగు ముందు తమ మాట తక్కువదన్న సంకోచం మన విద్యార్థులలో చాలామందికి ఉంది. తమ ఇంటి మాట అచ్చులో కనిపిస్తే ఆ సంకోచం కొంతైనా తగ్గుతుంది. ఆట పదాల విషయంలోనూ ఇదే నీతి. ‘లూట్’, ‘స్క్వాడ్’, ‘లాగ్’, ‘రివైవ్’ వంటివి ఆడేవారి నోట నలిగిన మాటలు. వాటిని తెలుగు లిపిలో అలాగే రాయాలి. ‘రివైవ్ చెయ్ రా’ అన్నచోట ‘పునరుజ్జీవింపజేయుము’ అంటే నవ్వు వస్తుంది గానీ, మనం ఆశించిన నవ్వు కాదు.

లిపి విషయంలో తమిళం చదువుకున్న పిల్లల ఇబ్బందిని ప్రత్యేకంగా గుర్తించాలి. తమిళంలో క, గ, ఖ, ఘలకు వేరువేరు అక్షరాలు లేవు. పొల్లు హల్లుపైన చుక్క పెడతారు, అక్షరాల కింద వత్తులు రావు. కాబట్టి వారికి తెలుగులో కొత్తగా తోచేవి ఒత్తక్షరాలు, వత్తులు. మొదటి పది బొమ్మకథలలో సంయుక్తాక్షరాలు మాని, ద్విత్వాలున్న మాటలు మాత్రమే ఎంచుకోవడం మంచిది. పై ఉదాహరణను మళ్లీ చూడండి. ప్ప, ద్ద, ల్ల, న్న తప్ప వేరే వత్తులు లేవు. వీటిలో కూడా నకారానికి, లకారానికి వత్తు రూపం అక్షరాన్ని పోలి ఉండదు కనుక అవి నెమ్మదిగా, పదేపదే కనిపించాలి. ‘అన్న’, ‘నిన్న’, ‘ఇల్లు’, ‘పిల్ల’ వంటి మాటలు అందుకు పనికివస్తాయి.

మాట బుడగలో తెలుగును అమర్చడం ఇంగ్లీషును అమర్చినట్టు కాదు. ఇంగ్లీషు బొమ్మకథలలో అన్నీ పెద్ద అక్షరాలే వాడతారు కనుక వరుసలు సమానంగా వస్తాయి. మనకు గుడి పైకి, వత్తు కిందికి పోతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఎడం కనీసం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. తెలుగు మాటలు పొడుగు. ‘వస్తున్నాడేమోనని’ అన్న మాట ఇరుకు బుడగలో పట్టదు. దాన్ని అడ్డదిడ్డంగా విరచకుండా ‘వస్తున్నాడేమో’, ‘అని’ అని సంధి దగ్గర విడదీయాలి. ఇంగ్లీషులో అరుపును చూపడానికి ఒకే అచ్చును పదిసార్లు కొడతారు. తెలుగులో దీర్ఘాన్ని పదిసార్లు కొడితే చుక్కల సున్నాలు వస్తాయి. అటువంటి అరుపులను చేత్తో గీయడమే మేలు. అది ఎలాగూ అందంగా ఉంటుంది. ఇక శబ్దాలకు మనకు కొరత లేదు. దబదబ, టపటప, చిటపట, గణగణ వంటి ధ్వన్యనుకరణాలు ఉండగా అరువు తెచ్చుకోవడం దేనికి?

పరికరాలు ఖరీదైనవి కానక్కరలేదు. గీయడానికి కృతా, అక్షరాలు కూర్చడానికి ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతాయి. సిలికానాంధ్ర సంస్థ అందించిన రామభద్ర, మండలి, గిడుగు వంటి ఖతులు, బలూ తమ్ముడు అనే గుండ్రని ఖతి కూడా ఉచితమే. అన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లూ తెలుగు వత్తులను సరిగా చూపవు. పని మొదలుపెట్టే ముందే ‘స్త్రీ’ అన్న ఒక్క మాట కొట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

చదివేది ఫోనులో కనుక గళ్లను పక్కపక్కన కాక ఒకదాని కింద ఒకటి పేర్చాలి. కొరియాలో 2004లో నేవర్ సంస్థ మొదలుపెట్టిన వెబ్‌టూన్లు ఈ నిలువు పద్ధతిని స్థిరపరిచాయి. బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్లు అనుకుందాం. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న తెరమీద 40 పిక్సెళ్ల అక్షరం మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున కనిపిస్తుంది. కొత్తగా చదివేవారికి అంతకన్న చిన్నది పనికిరాదు.

నిలువుగా పేర్చిన గళ్లతో కథ చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. కృష్ణగిరి జిల్లా వీరగల్లులకు ప్రసిద్ధి. కృష్ణగిరిలోని ప్రభుత్వ మ్యూజియంలో కొన్నిటిని చూడవచ్చు. మూడంతస్తుల వీరగల్లులో కింది గడిలో వీరుడు పోరాడుతూ పడిపోతాడు, నడిమి గడిలో అప్సరసలు అతన్ని పైకి తీసుకుపోతారు, పై గడిలో అతడు శివసన్నిధిలో ఉంటాడు. దాన్ని కింది నుంచి పైకి చదవాలి, ఫోనులో పై నుంచి కిందికి చదువుతాం. గడిని దాటేటప్పుడు కాలం కదులుతుందన్న ఒప్పందం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. అచ్చు పత్రికల కాలంలో ‘బుజ్జాయి’గా ప్రసిద్ధులైన దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి గీసిన ‘డుంబు’ ఆ ఒప్పందాన్ని తెలుగు పిల్లలకు చేరువ చేసింది.

రెండు హెచ్చరికలు చేయాలి. మొదటిది, బొమ్మకథను ఏదో ఒక్క ఆట పేరుకు ముడిపెట్టవద్దు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో నిలిపివేశారు. ఆ పేర్లమీదనే కట్టిన హాస్యం వాటితోపాటే పాతబడింది. నెట్టు పోవడం, అమ్మ పిలవడం, తోటివాడు సాయానికి రాకపోవడం వంటివి ఏ ఆటలోనైనా ఉంటాయి. రెండవది, కంపెనీల బొమ్మలనూ చిహ్నాలనూ ఎత్తి వాడకుండా సొంత పాత్రలనే గీయాలి.

ఇంత స్థానికంగా ఉంటే ఎవరు చదువుతారన్న సందేహం రావచ్చు. 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ సంస్థ ‘వెన్బా’ అనే ఆటను విడుదల చేసింది. కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబపు వంటింటి చుట్టూ, తల్లి భాషకు దూరమవుతున్న కొడుకు చుట్టూ అల్లిన ఆట అది. తమిళం రానివారు కూడా దాన్ని ఆడి ఆదరించారు. మన తమిళ స్నేహితులకు పరిచయమైన ఆ దిగులు మనకూ తెలిసినదే.

చివరగా, ప్రారంభించేవారు పది బొమ్మకథలు చేతిలో ఉంచుకొని మొదలుపెట్టాలి. వారానికి ఒకటైనా సరే, చెప్పిన రోజున తప్పకుండా రావాలి. బయట పెట్టేముందు ప్రతి ఒక్కటీ ఇద్దరికి చూపాలి: ఆడటం వచ్చి చదవలేని తమ్ముడికి, చదవడం వచ్చి ఆట తెలియని అవ్వకు. ఆ ఇద్దరూ ఒక ఫోను ముందు కూర్చుని, ఆమె అక్షరం చదివి పెడుతుంటే అతడు ఆట చెప్పి పెడుతుంటే, చివరి గడి దగ్గర ఇద్దరూ కలిసి నవ్వితే, ఆ బొమ్మకథ బాగున్నట్టు. అటువంటివి మా విద్యార్థులు గీస్తే చూడాలని మా కోరిక.