పట్నంలో ఒక మంచం

భువనగిరి నుంచి హైదరాబాద్ యాభై కిలోమీటర్లే. ఉప్పల్ బస్సెక్కితే బీబీనగర్, ఘట్‌కేసర్ దాటి గంటన్నరకు పట్నం వచ్చేస్తుంది. అంత దగ్గరి ఊరు పెట్టుకుని హాస్టల్లో ఉండడమెందుకని పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. కానీ ఉప్పల్‌లో దిగినవాడికి పని ఉప్పల్‌లో ఉండదు. కోచింగ్ అమీర్‌పేటలో, లైబ్రరీ చిక్కడపల్లిలో, ఉద్యోగం గచ్చిబౌలిలో. మెట్రో వచ్చాక కాస్త మేలే అయినా, రానూపోనూ రోజుకు నాలుగైదు గంటలు దారికే పోతాయి. కొన్నాళ్లు అప్‌ అండ్‌ డౌన్ చేసి, ఒళ్లు హూనమయ్యాక బ్యాగు సర్దుకుంటారు. అందులో దుప్పటి, సర్టిఫికెట్ల ఫైలు, మామిడి తొక్కు సీసా, సకినాల డబ్బా.

హాస్టల్ గేటు దగ్గర మొదట వినపడే మాట ‘‘ఎంత షేరింగ్?’’ ఇద్దరుండే గదికి ఒక రేటు, ముగ్గురికి ఒక రేటు, అయిదుగురికి ఇంకాస్త తక్కువ. మామూలు గదిలో మంచానికి నెలకు ఆరేడు వేలు. ఇచ్చిన అడ్వాన్సులో కొంత మెయింటెనెన్స్ కింద పోతుంది, అడిగినా తిరిగి రాదు. కాపురాలకని కట్టిన ఇంటినే ప్లైవుడ్ చెక్కలతో గదులు గదులుగా విడగొడతారు కాబట్టి ఒకరికి కిటికీ దక్కితే పక్కవారికి దక్కదు. ఇనుప మంచం, తాళం సరిగ్గా పడని అల్మారా, నలుగురి ఫోన్లకూ ఒకే స్విచ్‌బోర్డు. పొద్దున ఏడింటికి బాత్రూం ముందు బకెట్ల వరుస. ఎండాకాలంలో ట్యాంకర్ రాని రోజు ఆ వరుస మెట్ల దాకా పాకుతుంది.

పప్పు పలుచన, చారు మరీ పలుచన. బుధవారం గుడ్డు, ఆదివారం కోడికూర. ఆ ఆదివారం ఎవరైనా ఊరికి పోతే వాళ్ల వాటా ఎవరు తినాలో గదిలో ముందే తేలిపోతుంది. తొక్కు సీసా వారం తిరక్కుండా ఖాళీ అవుతుంది. అది ఎవరింటి తొక్కు అని అడగకుండా అన్నంలో కలుపుకునే అలవాటు అక్కడే అబ్బుతుంది. ఊళ్లో వాడలు వేరైన పిల్లలు ఆ గదిలో ఒక గిన్నె చుట్టూ కూచుని తినడం నేను చూశాను. హాస్టల్ చేసే మేళ్లలో ఇదే పెద్దదని నా నమ్మకం.

అమ్మాయిల హాస్టల్లో ఇంకో లెక్క. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో గేటు పడుతుంది. షిఫ్టు ఆలస్యమైన రోజు ఆఫీసులో ఒక సంజాయిషీ, గేటు దగ్గర ఇంకో సంజాయిషీ. చూడడానికొచ్చిన తండ్రి లోపలికి రాకూడదు. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, తెచ్చిన సంచి చేతికిచ్చి, ‘‘పైలం బిడ్డా’’ అని బస్సుకు లేస్తాడు. బిడ్డ ఏ గదిలో పడుకుంటుందో, ఆ గదికి గాలి వస్తుందో లేదో ఆయన ఎప్పటికీ చూడడు. అక్కడ ఒంట్లో బాగా లేకపోతే పక్క మంచం అమ్మాయే అమ్మ. అర్ధరాత్రి జ్వరమాత్ర వేసేదీ, ఆటో పిలిచేదీ ఆమే. యజమాని వేరే చోట ఉంటాడు, వంటమనిషి నెల నెలా మారతాడు. వందమంది నిద్రపోయే ఇంట్లో, వాళ్లకు నేను పూచీ అని చెప్పే మనిషి ఒక్కరూ కనిపించరు.

ఇదే హైదరాబాద్‌లో నూరేళ్ల కింద హాస్టల్ అనే మాటకు బరువు వేరు. పాలమూరు బిడ్డ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, తర్వాత నగర కొత్వాలుగా పేరుపొందినవారు, 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు నడుం కట్టారు. ఉర్దూ మాధ్యమంలో చదువు, పట్నంలో నిలవనీడ లేని పల్లె పిల్లలు. వాళ్లకు కూడు, గూడుతో పాటు తెలుగు గ్రంథాలయమూ దక్కింది. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి కొన్నేళ్లు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. అంతటి పండితుడు కుర్రవాళ్ల మంచీచెడ్డా చూసుకునే పనిని చిన్నదనుకోలేదు.

భువనగిరి పక్కనున్న బొల్లేపల్లిలో 1908లో పుట్టిన రావి నారాయణరెడ్డి చదువుకోసం పట్నం చేరి ఆ హాస్టల్ గాలే పీల్చారు. తర్వాత హరిజన సేవక సంఘంలో పనిచేస్తూ దళిత పిల్లలకు హాస్టల్ నడిపారు. తన కులం పేరున్న హాస్టల్లో పెరిగినవాడు, ఏ హాస్టల్లోనూ చోటివ్వని పిల్లల కోసం తలుపు తెరిచాడు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు దేశం మొత్తంలో అత్యధికంగా ఓట్లు వచ్చింది ఆయనకే. అంతటి పేరున్న నాయకుడి జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఆ పిల్లల హాస్టలే.

అప్పటి హాస్టళ్లను మరీ ఆకాశానికెత్తనవసరం లేదు. ఏ కులానికి డబ్బూ పలుకుబడీ ఉన్నాయో ఆ కులం పిల్లలకే ముందు గూడు దొరికింది. కొల్హాపూర్‌లో సాహూ మహారాజ్ 1901లో మరాఠా విద్యార్థుల వసతిగృహంతో మొదలుపెట్టి, ఇతర కులాలకూ, అంటరానివారన్నవాళ్లకూ ఒక్కొక్కటిగా హాస్టళ్లు పెట్టించినట్టు ఇక్కడ నిజాం రాజ్యంలో జరగలేదు. ఆ లోటును తర్వాత ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు పూడ్చవలసి వచ్చింది. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని సర్వేల్‌లో 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా తొలి గురుకుల పాఠశాల తెరుచుకుంది. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు బయటికి గెంటేసిన విద్యార్థుల్లో ఆయనా ఒకరు. చదువు మధ్యలో చోటు కోల్పోవడమేమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ బాటలో మనం ఎంతదూరం వచ్చామో కొన్ని అంకెలే చెబుతాయి. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు, ఎనిమిది నుంచి పదికి 1,540, ఇంటర్, ఆ పైన 2,100. అంటే పెంచాక కూడా డిగ్రీ చదివే పిల్లాడి మూడుపూటల తిండికి రోజుకు డెబ్బై రూపాయలు. అదే ఏడాది ఫిబ్రవరిలో భువనగిరి ఎస్సీ బాలికల హాస్టల్లో పదో తరగతి అమ్మాయిలిద్దరు ప్రాణాలు తీసుకున్నారు. ఏప్రిల్‌లో ఇదే ఊరి గురుకులంలో తిండి వికటించి పిల్లలు ఆస్పత్రి పాలైతే, ఒక బాబు తిరిగి రాలేదు. ఆ పిల్లల్ని తలుచుకోకుండా హాస్టళ్ల గురించి రాయడం నాకు చేతకాదు.

ప్రైవేటు హాస్టళ్ల సంగతి కరోనా బయటపెట్టింది. 2020 మార్చి 25న, దేశం మొత్తం తలుపులు మూసుకున్న రోజున, అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో చాలాచోట్ల పిల్లల్ని ఖాళీ చేయమన్నారు. బస్సు లేదు, హోటల్ లేదు. పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం చేతబట్టుకుని వెళ్లిన ఆంధ్ర పిల్లల్ని సరిహద్దులో ఆపేశారు. నెల నెలా డబ్బు కట్టినా ఆ మంచంపై వాళ్లకు ఏ హక్కూ లేదని ఆరోజు తెలిసింది.

పక్కన తమిళనాడు 2014లోనే మహిళల, పిల్లల హాస్టళ్లను లైసెన్సు కిందికి తెచ్చే చట్టం చేసింది. ఉద్యోగం చేసే ఆడపిల్లల కోసం ‘తోళి’ పేరుతో ప్రభుత్వమే హాస్టళ్లు కట్టింది. మనకూ అలాంటి చట్టం కావాలి. గదికి ఎందరు, నీళ్లెన్ని, రెండో మెట్లదారి ఉందా, రాత్రి ఎవరుంటారు, అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగివ్వాలి అన్నవి గేటు మీద రాసి ఉండాలి. నల్లగొండ, పాలమూరు, భువనగిరి వైపు నుంచి వచ్చే పిల్లల కోసం దిల్‌సుఖ్‌నగర్ వైపునో, ఉప్పల్ వైపునో కులం పేరు లేని ప్రభుత్వ హాస్టళ్లు లేవాలి. ఒకప్పుడు రెడ్డి హాస్టల్‌కు చందాలతో సాధ్యమైన పని ఇవాళ ప్రభుత్వానికి అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

చట్టం వచ్చేలోగా తల్లిదండ్రులకు ఒక మనవి. వచ్చే ఆదివారం ఉప్పల్ బస్సెక్కండి. గేటు పక్క కుర్చీలోనే కూచోకుండా, బిడ్డ పడుకునే గది చూపించమని అడగండి. కిటికీ తెరవండి, కుళాయి తిప్పండి, వంటగదిలోకి తొంగి చూడండి. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసే మనిషి పేరేమిటో, ఫోన్ నంబరేమిటో రాసుకుని రండి. ఆ పేరు చెప్పలేని హాస్టల్‌కు అడ్వాన్సు కట్టకండి.