మీథేన్ నుండి స్వచ్ఛ ఇంధనం: రసాయన చక్రీయ ప్రక్రియ

పశువుల పేడ, కోళ్ళ ఎరువు, పంట వ్యర్థాలు గాలి తగలని చోట కుళ్ళినపుడు వెలువడే వాయువులలో ముఖ్యమైనది మీథేన్. వంద సంవత్సరాల కాలానికి లెక్కించినపుడు, అంతే బరువు గల కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది భూమిని సుమారు 28 రెట్లు అధికంగా వేడెక్కిస్తుంది. అయితే ఇదే వాయువు మంచి ఇంధనం. ఎరువుల పరిశ్రమకు ముడిసరుకు కూడా. యూరియాకు మూలమైన అమ్మోనియా తయారీలో వాడే హైడ్రోజన్‌ను అధికభాగం సహజ వాయువులోని మీథేన్ నుండే పొందుతున్నారు. రామగుండం ఎరువుల కర్మాగారం మనకు దగ్గరి ఉదాహరణ.

ప్రస్తుత విధానం

మీథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, అధిక ఉష్ణోగ్రత వద్ద నికెల్ ఉత్ప్రేరకంపై చర్య జరిపిస్తారు. ఇందులో 1 కిలో హైడ్రోజన్‌కు సుమారు 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కొలిమి పొగలో నైట్రోజన్‌తో కలిసిపోయిన భాగాన్ని వేరుచేయడం ఖర్చుతో కూడిన పని.

చక్రీయ ప్రక్రియ

ఈ విధానంలో ఇంధనానికి గాలి నేరుగా తగలదు. ఆక్సిజన్‌ను ఐరన్ ఆక్సైడ్ రేణువులు మోసుకొస్తాయి. ప్రక్రియ మూడు గదులలో సాగుతుంది.

1. మొదటి గదిలో మీథేన్, ఐరన్ ఆక్సైడ్ నుండి ఆక్సిజన్‌ను గ్రహించి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారుతుంది. ఆవిరిని చల్లబరిస్తే దాదాపు శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ మిగులుతుంది.

2. రెండవ గదిలో, ఆక్సిజన్ కోల్పోయిన రేణువులు నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తాయి.

3. మూడవ గదిలో గాలి తగిలి రేణువులు పూర్వస్థితికి వస్తాయి. ఇక్కడ పుట్టిన వేడిని అవే మొదటి గదికి మోసుకుపోతాయి.

ఆక్సిజన్‌ను పరిమితంగా అందించే మరొక అమరికలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం లభిస్తుంది. దీని నుండి మిథనాల్, ద్రవ ఇంధనాలు తయారుచేయవచ్చును. ఇనుము, నీటి ఆవిరి చర్యతో హైడ్రోజన్ తీయడం వంద సంవత్సరాల క్రితమే తెలిసినది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో లియాంగ్-షిహ్ ఫ్యాన్ బృందం ఐరన్ ఆక్సైడ్ ఆధారిత ప్రక్రియలను విశేషంగా అభివృద్ధి చేసింది.

పరిమితులు

సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద పదేపదే తిరిగే రేణువులు అరిగిపోతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటిపై మసి పేరుకొనవచ్చును. బయోగ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ముందుగానే తొలగించాలి. కావున ఇది పెరటి గోబర్ గ్యాస్ తొట్టికి సరిపడే యంత్రం కాదు. పెద్ద డెయిరీలు, చక్కెర కర్మాగారాల వంటి చోట్ల, వాయువు నిలకడగా లభించినపుడే పరిశీలించదగినది.

వరి పొలం సంగతి

ఏ ప్రక్రియకైనా మీథేన్ ముందు చేతికి చిక్కాలి. నీరు నిలిచిన వరి మడిలో పుట్టే మీథేన్ ఎక్కువగా మొక్క కాండం గుండానే గాలిలో కలుస్తుంది. దానిని పట్టి నిల్వచేయలేము. అక్కడ పుట్టకుండా చూడడమే మార్గం. మడిలో అమర్చిన చిల్లుల గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెం.మీ. దిగువకు చేరిన తరువాతనే తిరిగి తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం పలుచగా నీరు నిలపాలి. దీనివలన మీథేన్‌తోపాటు నీటి వాడకమూ తగ్గుతుంది.

చిక్కిన మీథేన్‌కు రసాయన శాస్త్రం, చిక్కని మీథేన్‌కు నీటి యాజమాన్యం. మొదటిది ఇంకా పరిణతి చెందవలసి ఉన్నది; రెండవదానిని రైతులు వచ్చే పంటకాలం నుండే ఆచరించవచ్చును.