నీటి మీద వైర్‌లెస్ బ్రిడ్జి ఎందుకు తెగుతుంది?

హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఇలాంటి చోట పాయకు ఈ ఒడ్డున ఉన్న ఇంటర్నెట్‌ను కేబుల్ లేకుండా ఆ ఒడ్డుకు పంపాలంటే, రెండు డాబాల మీద ఎదురెదురుగా రేడియోలు బిగించాలి. అదే వైర్‌లెస్ బ్రిడ్జి. మరి పొద్దున చక్కగా నడిచిన లింకు, పోటు రాగానే ఎందుకు నీరసిస్తుంది?

తరంగం నేరుగానూ వస్తుంది, నీటిని తాకి కూడా వస్తుంది. నీటిమట్టం మారితే ఆ రెండో దారి పొడవు మారిపోతుంది. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5 సెంటీమీటర్లే. అందులో సగం తేడా పడినా చాలు, రెండు తరంగాలూ ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. ఎంత సున్నితమో చూడండి!

ఎదుటి యాంటెన్నా కంటికి కనబడితే సరిపోదు. 5 కిలోమీటర్ల లింకులో నడిమధ్య, చూపు గీత చుట్టూ 8 మీటర్ల దాకా తరంగం పరుచుకుంటుంది. మడచెట్లు అందులోకి బాగా చొచ్చుకొస్తే సిగ్నల్ తగ్గుతుంది.

బాగుచేసేటప్పుడు ముందు సిగ్నల్ అంకె చూడాలి. మైనస్ 60 డీబీఎం మంచిది, మైనస్ 85 బలహీనం. అంకె బాగున్నా నెట్ రాకపోతే సెట్టింగులు చూడాలి. రెండు రేడియోలకూ ఒకే ఐపీ అడ్రస్ ఇచ్చారేమో! ఆటుపోట్లతో అంకె ఊగుతుంటే యాంటెన్నా ఎత్తు కొంచెం మార్చి చూడాలి. రోజురోజుకీ దిగిపోతుంటే, ఉప్పుగాలికి కనెక్టర్ తుప్పు పట్టి ఉండొచ్చు.

డాబా అంచుకు పెద్దవాళ్లనే వెళ్లనివ్వండి. మీరు కింద కూర్చుని స్క్రీన్ మీద అంకె చదివి చెప్పండి.