వింటున్న రేడియో కూడా పలుకుతుంది

స్టేషను పలుకుతుంది, మన రేడియో వింటుంది. పలికేదాన్ని ఎక్కడుందో కనిపెట్టవచ్చు గానీ, ఊరికే వింటున్నదాన్ని ఎవరు పట్టుకోగలరు అనిపిస్తుంది. పాత ట్రాన్సిస్టర్లు రెండుంటే ఈ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

మొదటిదాన్ని మీడియం వేవ్‌లో 1200 దరిదాపుల్లో వచ్చే ఏదో ఒక స్టేషను మీద పెట్టండి. రెండోదాన్ని జానెడు దూరంలో ఉంచి, సౌండు పూర్తిగా తగ్గించి, ముల్లును 745 చుట్టుపక్కల మెల్లగా తిప్పండి. మొదటి రేడియోలో సన్నని ఈల పుట్టి, బొంగురుపోతూ దిగి, ఒక్క క్షణం మాయమై, మళ్లీ సన్నబడుతూ పైకి పోతుంది. ఆ ఈలకు కారణం సౌండు తగ్గించిన రెండో రేడియోయే.

ఎందుకిలా? ఒక్కో స్టేషనుదీ ఒక్కో ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు తరంగం ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. అన్నిటినీ విడివిడిగా వడగట్టి పెంచడం కష్టం. అందుకే ఏ స్టేషను పెట్టినా ముందు దాన్ని ఒకే ఫ్రీక్వెన్సీకి దించి, ఆ తర్వాత పెంచుతారు. 1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన ఈ పద్ధతి పేరు సూపర్‌హెటరోడైన్. మీడియం వేవ్ రేడియోల్లో ఆ స్థిరమైన అంకె సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. అలా దించడానికి రేడియో లోపలే ఒక చిన్న తరంగం తయారవుతుంది. దాన్ని పుట్టించే భాగాన్ని లోకల్ ఓసిలేటర్ అంటారు. ఒక రకంగా అది బుల్లి ట్రాన్స్‌మిటరే. దాని తరంగంలో కాస్త ఏరియల్ గుండానో తీగల గుండానో బయటికి కారుతుంది.

ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద వస్తుంది. అది వింటుంటే ఓసిలేటర్ 738కి 455 కలిపి 1193 దగ్గర ఊగుతుంది. (ఇందాకటి ప్రయోగంలోనూ అంతే: 745కి 455 కలిపితే 1200, మొదటి రేడియో వింటున్న చోటే.) బయట ఎవరైనా ఆ 1193ని పసిగట్టారనుకోండి, 455 తీసేస్తే చాలు. రేడియో ఆన్‌లో ఉందని మాత్రమే కాదు, ఏ స్టేషను పెట్టారో కూడా తెలిసిపోతుంది. అసలు కిటుకంతా ఈ తీసివేతలోనే ఉంది. (కొత్తరకం చిప్ రేడియోల్లో ఈ 455 వేరుగా ఉంటుంది కాబట్టి పై ప్రయోగం వాటితో కుదరకపోవచ్చు.)

అంత చిన్న తరంగం ఎంత దూరం పోతుంది? అమెరికా నిబంధనల ప్రకారం 30 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య రిసీవరు ఏరియల్ దగ్గర బయటపడే శక్తి 2 నానోవాట్లు దాటకూడదు. నానోవాటంటే వాటులో వంద కోట్ల వంతు. రెండు నానోవాట్లంటే, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వాడే కరెంటును 450 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటన్నమాట. అయితే మంచి రిసీవరుకి ఇందులో ఇరవై లక్షల వంతు అందినా చాలు. ఎఫ్‌ఎం రేడియో లెక్క వేసి చూస్తే, అడ్డుగోడలూ ఇతర రొదా లేని మైదానంలో సుమారు 300 మీటర్లు వస్తుంది. ఊళ్లో అంత రాదు. కానీ వీధిలోంచి ఇంటిని కనిపెట్టడానికి అంత దూరం అక్కర్లేదు కదా.

ఎఫ్‌ఎంలో కలపాల్సింది 10.7 మెగాహెర్ట్జ్. 101.9 పెడితే ఓసిలేటర్ 112.6కి చేరుతుంది. విమానాలకు దారి చూపే సంకేతాలు 108కీ 118కీ మధ్యే ఉంటాయి. విమానంలో ఎఫ్‌ఎం రేడియో పెట్టొద్దని 1960ల్లోనే అమెరికాలో ఆంక్ష పెట్టింది ఇందుకే. ఆ హెచ్చరిక ఉత్త చాదస్తం కాదు.

లైసెన్సు లేకుండా టీవీ చూసేవాళ్ల కోసం బ్రిటన్ 1952లో వ్యాన్లు తిప్పింది. అప్పటి టీవీ బొమ్మకు 405 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 10,125. గీతలు గీసే తీగచుట్ట సెకనుకు అన్నిసార్లు ఊగుతూ ఇంటి బయటికీ అయస్కాంత క్షేత్రాన్ని పంపేది. వ్యాన్ పట్టుకున్నది దాన్నే. ఓసిలేటర్‌ను పట్టే వ్యాన్లు తర్వాత వచ్చాయి. 1950ల చివర్లో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5 ఇదే కిటుకును సోవియట్ రాయబార కార్యాలయం మీద వాడింది. తమ నిఘా బృందాల రేడియో మాటల్ని అవతలివాళ్లు వింటున్నారేమోనని దాని అనుమానం. ఆపరేషన్ రాఫ్టర్ అనే ఈ పథకం గురించి అందులో పనిచేసిన పీటర్ రైట్ 1987లో పుస్తకంలో రాశాడు.

మరి రిసీవరు పట్టుబడిందంటే ప్రతిసారీ తప్పు ఈ కారుడుదేనా? కానక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాల రాడార్‌ను ముందే పసిగట్టడానికి జర్మన్ జలాంతర్గాముల్లో మెటాక్స్ అనే రిసీవరు ఉండేది. అది పెట్టుకున్నా 1943లో విమానాలు హఠాత్తుగా మీద పడసాగాయి. మెటాక్స్ నుంచి కారే తరంగాల వెంబడే వస్తున్నామని బందీగా చిక్కిన ఓ బ్రిటిష్ వైమానికుడు చెప్పాడు. పరీక్షిస్తే మెటాక్స్ నిజంగానే కారుతోంది! ఆగస్టులో దాన్ని ఆపేయమని ఆజ్ఞ వెళ్లింది. కారడం తక్కువుండే పరికరాలు చేయించారు. కానీ విమానాలు వస్తున్నది 10 సెంటీమీటర్ల తరంగాలు వాడే కొత్త రాడార్‌తో. మెటాక్స్ వినగలిగేది మీటరు పైబడిన తరంగాల్నే. దాని స్థానంలో తెచ్చిన పరికరాలకూ ఆ 10 సెంటీమీటర్లు అందలేదు. వాటిని వినే నాక్సోస్ రిసీవరు జలాంతర్గాముల్లోకి ఎక్కేసరికి ఆ ఏడాది చివరి నెలలు వచ్చేశాయి.