బాల్యంలో స్థూలకాయం: నెల్లూరు తీరంలో తిండి, ఆట

శరీరంలో కొవ్వు ఆరోగ్యానికి హాని కలిగించే మేరకు పేరుకుపోవడాన్ని స్థూలకాయం అంటారు. పిల్లల్లో దీనిని గుర్తించడానికి, కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే శరీర ద్రవ్యరాశి సూచికను అదే వయసు, లింగం గల పిల్లల ప్రమాణాలతో పోల్చి చూస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2015-16లో 2.1 శాతం కాగా, 2019-21 నాటికి 3.4 శాతానికి చేరారు.

బరువు పెరగడానికి తీపి పానీయాలు ఒక కారణం: 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఏడెనిమిది చెంచాలు, ఉంటుంది. అందుకే కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల పదార్థాలను బడి ఆవరణలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మరాదని 2020 నాటి కేంద్ర ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి.

మైపాడు, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల వారికి ఇలాంటి పదార్థాలకు ప్రత్యామ్నాయం ఇంటి వంటలోనే ఉంది: తక్కువ నూనెతో కాచిన చేపల పులుసు మాంసకృత్తులను ఇస్తే, రాగిసంకటి, సాయంత్రం పూట శనగ గుగ్గిళ్లు పీచుపదార్థాన్ని అందించి ఎక్కువసేపు ఆకలి వేయకుండా చూస్తాయి. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో రాగిజావ కూడా ప్రవేశించింది.

5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుండగా, కబడ్డీ, ఖోఖో, ఇసుకలో పరుగు ఖర్చు లేకుండానే ఆ అవసరాన్ని తీరుస్తాయి. బరువు తగ్గించాలని ఎదిగే పిల్లలను పస్తులుంచడం తగదు. ఇంటిల్లిపాదీ అలవాట్లు మార్చుకుంటేనే పిల్లల్లో మార్పు నిలుస్తుంది.