కీమోథెరపీ రోగుల నీరసం: ఇంటిలో చేయదగిన ఉపచారం

క్యాన్సరుకు కీమోథెరపీ తీసుకొంటున్నవారి కుటుంబాల నుంచి నాకు వచ్చే ప్రశ్నలలో అధికభాగం వాంతులను గురించి కాదు, జుట్టు రాలడాన్ని గురించి కూడా కాదు, నీరసాన్ని గురించి. "మంచం దిగలేకపోతున్నది, బలానికి ఏదైనా లేహ్యం ఇవ్వండి" అని అడుగుతారు. నేను లేహ్యం ఇవ్వను. కారణమేమిటో, దానికి బదులు ఏమి చేయవచ్చునో పాఠకులకు వివరిస్తాను.

అలసట రెండు విధాలు. పని చేయగా వచ్చేది శ్రమ. అది రాత్రి నిద్రతో తీరుతుంది. పని లేకుండానే వచ్చే అలసటకు సుశ్రుతుడు శారీరస్థానంలో క్లమమని పేరు పెట్టాడు. క్లమంలో ఆయాసం ఉండదు. కాని శరీరం డస్సిపోతుంది, ఇంద్రియాలు తమ పని తాము చేయలేవు. "దినపత్రికలో అక్షరాలు కనబడుతున్నాయి గాని అర్థం బుర్రకెక్కడం లేదు" అని రోగి చెప్పినప్పుడు అది క్లమమేనని గ్రహించాలి. ఇది ఎంత నిద్రపోయినా తీరదు. కనుక దీనిని బద్ధకమనుకొని రోగిని మందలించడం అన్యాయం.

కీమోథెరపీ మందులు త్వరగా వృద్ధి చెందే కణాలను నశింపజేస్తాయి. ఎముకల మజ్జలో రక్తం తయారుచేసే కణాలు, నోటి నుంచి ప్రేగుల వరకు ఉండే లోపలి పొర కూడా అటువంటివే. అందువలన రక్తం తగ్గుతుంది, నోరు పూస్తుంది, జఠరాగ్ని మందగిస్తుంది. తిన్నది వంటబట్టక కండ కరుగుతుంది. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వలన కొందరు ఒకటి రెండు రోజులు హుషారుగా తిరిగి, ఆ తరువాత ఒక్కసారిగా కూలబడతారు. సాధారణంగా మందు ఎక్కించిన తరువాతి కొద్ది రోజులు నీరసం అధికంగా ఉండి, మరుసటి విడత నాటికి కొంత తేరుకొంటారు. ఏ రోజు ఎలా ఉన్నదో ఒక పుస్తకంలో వ్రాసుకొంటే, రెండు విడతలు గడిచేసరికి ఓపిక ఉండే రోజులు ఏవో తెలిసిపోతాయి. బంధువుల రాకపోకలు, బ్యాంకు పనులు ఆ రోజులకు పెట్టుకోవాలి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, విశాఖలోని హోమీ భాభా ఆసుపత్రికో దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారికి ప్రయాణమే సగం ఓపికను హరిస్తుంది. ఆ మరునాడు ఏ పనీ పెట్టుకోరాదు.

రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందుతున్న ఒక ఉపాధ్యాయురాలిని ఆమె భర్త నా వద్దకు తీసుకొనివచ్చారు. "ఇంకా రెండు విడతలు ఉన్నాయటండీ, నాకు వద్దు. జబ్బుతో పోతే పోయాను గాని ఈ నీరసంతో బ్రతకలేను" అన్నదామె. ఏమి తింటున్నారమ్మా అని అడిగాను. మూడు నెలలుగా చారన్నం, మజ్జిగ! పప్పు వాతమని, గ్రుడ్డు వేడి అని అత్తగారు మాన్పించారట. ఆవిడ ప్రేమతో చేసిన పనే. పోనీ, నీరసం సంగతి క్యాన్సర్ వైద్యునికైనా చెప్పారా అంటే, ఈ చికిత్సలో అది మామూలే కదా అని చెప్పలేదట. చికిత్సను మధ్యలో మానితే ఏమి ప్రమాదమో వివరించి, ఒక ఉత్తరం వ్రాసి ఆసుపత్రికి పంపించాను. హిమోగ్లోబిన్ 7.6 ఉన్నదని అక్కడ రక్తం ఎక్కించారు. ఇంటిలో ఆహారం మార్పించాను. మిగిలిన రెండు విడతలూ ఆమె పూర్తిచేసుకొన్నది. నీరసం పూర్తిగా పోలేదు. లేచి తన స్నానం తాను చేసుకోగలిగినది. నేనిచ్చిన ఔషధం ఒక్కటీ లేదు.

పథ్యం పేరిట మన ఇండ్లలో జరిగే ఉపవాసం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. గురువుగారి ఇంట చదువుకొనే రోజులలో తెల్లవారుజామున పొయ్యి రాజేయడం నా వంతుగా ఉండేది. నివురు క్రింద మిగిలిన నిప్పుకణిక మీద మొద్దు పెడితే ఆరిపోతుంది. గడ్డిపోచలు, పిడక పొడి వేసి విసరుతూ, మంట నిలిచాక పుల్లలు, ఆ తరువాతనే కట్టెలు. శోధన చికిత్స అనంతరం అగ్నిని తిరిగి నిలబెట్టే క్రమానికి చరకుడు చెప్పిన ఉపమానమూ ఇదే. దానిని సంసర్జన క్రమమంటారు: ముందు పేయ, తరువాత విలేపి, ఆ పైన పెసరకట్టు, చివరకు మాంసరసం. జావ దగ్గరే ఆగిపొమ్మని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. ఆ క్రమమంతా అధికపక్షం ఏడు రోజులలో ముగుస్తుంది. నెలల తరబడి జావ మీద ఉంచితే రోగికి మిగిలేది ఎముకల గూడే.

మందు ఎక్కించిన తరువాతి రెండు మూడు రోజులు, వేయించిన పాతబియ్యపు రవ్వను 14 వంతుల నీటిలో ఉడికించి, సైంధవ లవణం, కొద్దిగా జీలకర్ర వేసి, రెండు మూడు గంటలకు ఒకసారి చిన్న గిన్నెడు ఇవ్వాలి. ఆకలి తెలియగానే నీటిని 4 వంతులకు తగ్గిస్తే విలేపి అవుతుంది. నోరు పూసి ఉంటే చల్లార్చి ఇవ్వాలి. కారం, చింతపండు, శొంఠి తగవు. తరువాత నెయ్యి వేసిన పెసరకట్టు, రాగిజావ, మెత్తని పప్పన్నం. మాంసాహారులకు బాగా ఉడికిన గ్రుడ్డు, చేప, కోడి రసం. శాకాహారులు పప్పు, పాలు, పెరుగు, పన్నీరు పెంచాలి. విరేచనాలు అవుతుంటే నెయ్యి, పాలు ఆపాలి. మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి మార్పులు చేసుకోవాలి. బజారు చెరకురసం, కాచని పాలు, కడగని పండ్లు పనికిరావు. తెల్లరక్తకణాలు బాగా తగ్గినప్పుడు పచ్చివి, పులిసినవి తినవచ్చునా అని ఆసుపత్రిలో అడగాలి.

పూర్తి విశ్రాంతి ఈ నీరసానికి మందు కాదంటే చాలామంది నమ్మరు. 113 పరిశోధనలను కలిపి 2017లో ప్రచురించిన సమీక్షలో, క్యాన్సర్ రోగుల నీరసానికి మందుల కంటే వ్యాయామమే మేలు చేసినట్లు తేలినది. వ్యాయామం శక్తిలో సగం మేరకే చేయాలని మన శాస్త్రం. ఈ రోగులకు అందులోనూ సగం చాలు: వాకిట్లో పది నిముషాల నడక, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అలసట రాకముందే ఆపివేయాలి. ఎముకలకు వ్యాధి ప్రాకినవారు, ప్లేట్‌లెట్లు తగ్గినవారు ముందుగా వైద్యుని అనుమతి పొందాలి. పగటినిద్రను శాస్త్రం సామాన్యంగా నిషేధించినా, క్షీణించినవారికి సమ్మతించినది. భోజనానంతరం అరగంట మించకుంటే రాత్రి నిద్ర చెడదు.

ఇక లేహ్యాల సంగతి. చికిత్స జరుగుతున్నంతకాలం అశ్వగంధ, తిప్పతీగ, భస్మాలు, గోధుమగడ్డి రసం వంటివి స్వంతంగా వాడరాదు. కీమోథెరపీ మందులలో చాలావాటిని మార్చి వెలువరించవలసినది కాలేయమే. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. "మూలికలే కదా, ఏమి చేస్తాయి" అనేవారికి నేను బిళ్ళగన్నేరును చూపిస్తాను. క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ ఆ మొక్క నుంచి వచ్చినదే. దానిని తూచి, లెక్క ప్రకారం, నరంలోకి మాత్రమే ఇస్తారు. పెరటిలో కోసి కషాయం కాచుకొనే వస్తువు కాదది.

జ్వరం 100.4 డిగ్రీలు చేరితే రాత్రివేళ అయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటిలో కషాయాలతో కాలయాపన చేయరాదు. నడుస్తుంటే ఆయాసం, పాదాల వాపు, రక్తస్రావం, మతి తప్పడం కనిపించినా అంతే. ఎర్రరంగు మందు ఎక్కించుకొన్నవారిలో ఆయాసం, వాపు గుండెకు సంబంధించినవి కావచ్చును.

చికిత్స ముగిశాక నీరసం నెలల మీద తగ్గుతుంది. కొందరికి సంవత్సరం దాటినా మిగులుతుంది. అప్పుడు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయించాలి. నిద్ర, దిగులు కూడా విచారించాలి. రసాయన ఔషధాలకు తగిన కాలం ఇదే గాని, ఆకలి కుదిరి, కాలేయ పరీక్షలు సవ్యంగా ఉండి, క్యాన్సర్ వైద్యుడు అంగీకరించిన తరువాతనే. టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నవారు పసుపు సారంతో చేసిన క్యాప్సూల్స్ మానాలి. అవి ఆ మాత్రల ప్రభావాన్ని తగ్గించవచ్చును. కూరలో వేసుకొనే పసుపునకు అభ్యంతరం లేదు.